గుడ్లగూబ వస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలా?

ఒరేయ్ శీనూ,

ఫోన్లో సగమే చెప్పాను, మిగతాది రాస్తేగానీ నా మనసు కుదుటపడేట్టు లేదు. మొన్న తెల్లారుతుండగా కాకులు తరుముతుంటే ఒక తెల్ల గుడ్లగూబ బాల్కనీ తలుపులోంచి నేరుగా హాల్లోకి వచ్చేసిందిరా.

ముందు ఫ్యాను ఆపాను. ఏ పిట్ట దూరినా నువ్వూ అదే చెయ్యి. బెదిరిన పిట్ట పైకే ఎగురుతుంది, స్విచ్చి ఆపినా రెక్కలు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. పిచ్చుకో పికిలిపిట్టో అయితే మిగతా కిటికీలకు కర్టెన్లు వేసి, లైట్లు ఆర్పి, ఒక్క తలుపు బార్లా తెరిచి మనం తప్పుకుంటే చాలు, వెలుతురు చూసుకుని అదే పోతుంది. దీన్ని మాత్రం పగలు బయటికి తోలితే కాకులు వదలవు. అందుకే తలుపులేసి, హాలంతా చీకటి చేసి, సాయంత్రం దాకా ఎవర్నీ అటు పోనివ్వలేదు. ఒకసారి తొంగిచూస్తే బీరువా మీద కూర్చుని, రావాకులాంటి తెల్లటి మొహం నావైపు తిప్పి బుసకొట్టింది!

ఈలోగా పక్కింటావిడ వచ్చి అరిష్టం, శాంతి చేయించండి, కొన్నాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యండి అని మొదలెట్టింది. అమ్మకి ఒకటే టెన్షన్. కింది వాటా కుర్రాళ్ళయితే కర్రలు పట్టుకొచ్చారు. ఒళ్ళు మండిందిరా నాకు. లక్ష్మీదేవి వాహనం అనేదీ మనమే, కొట్టి చంపేదీ మనమేనా? రాత్రంతా పొలాల్లో ఎలుకల్ని పట్టి రైతుకి మేలు చేసే పిట్ట అది. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుందని చెప్పాకే వాళ్ళు వెనక్కి తగ్గారు.

చెల్లేమో నోట్లో నీళ్ళు పోద్దామంది, పాపం జాలితోనే. వద్దన్నాను. పిట్టకి గాలిగొట్టం నోరు నాలుక వెనకే ఉంటుంది, పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అద్దానికి గుద్దుకుని సోలిపోయిన పిట్టనైతే చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, మూత వేసి, చప్పుడు లేనిచోట ఉంచాలి. ఎత్తేటప్పుడు రొమ్ము నొక్కకూడదు, రొమ్మెముక కదిలితేనే దానికి ఊపిరి ఆడేది.

పొద్దుగూకి కాకులు సద్దుమణిగాక లైట్లన్నీ ఆర్పి బాల్కనీ తలుపు తీశాం. రెక్కల చప్పుడైనా లేదు, చూస్తే బీరువా ఖాళీ. పైన ఒక నల్లటి ముద్ద కక్కి పోయింది. పుల్లతో విడదీస్తే బొచ్చు, సన్నటి ఎముకలు, పళ్ళతో సహా ఎలుక పుర్రె. అది చూశాక అమ్మ శాంతి మాట ఎత్తలేదు.

అన్నట్టు, మీ బాబాయి పాత గోదాము పడగొడతానన్నాడుగా, అటక మీద గుడ్లగూబ పిల్లలేమైనా ఉన్నాయేమో ముందు చూడమను. ఉంటే అవి ఎగిరేదాకా పని ఆపమను, నేనడిగానని చెప్పు.

నీ
రవి