స్టెరాయిడ్ మానడానికీ ఒక లెక్కుంది

సంపాదకులకు,

ఆదివారం ఆరోగ్య పేజీలో స్టెరాయిడ్ల దుష్ప్రభావాల మీద వ్యాసం చదివాను. ఎముకలు గుల్లబారడం, షుగరు పెరగడం, మొహం ఉబ్బడం అన్నీ నిజాలే. కానీ అది చదివి బెదిరిపోయి మాత్రలు ఒక్కసారిగా ఆపేసేవాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. జనగామలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టుగా నా భయమల్లా వాళ్ల గురించే.

మా పక్క వీధి పెద్దమ్మ కీళ్లవాతానికి నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడేది. ఏదో వీడియో చూసి మానేసింది. వారం తిరక్కుండానే వాంతులు, కళ్లు తిరగడం, లేవలేని నీరసం. ఎండదెబ్బ అనుకుని కొడుకు ఓఆర్ఎస్ ప్యాకెట్ల కోసం వచ్చాడు. ఏ మందులు వాడుతోందని గుచ్చి గుచ్చి అడిగితే గానీ సంగతి బయటపడలేదు. వెంటనే ఆస్పత్రికి పంపాను.

కిడ్నీల మీద టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోను, అంటే మన ఒంటి సొంత స్టెరాయిడ్, తయారుచేస్తాయి. ఆ హార్మోను పని స్టెరాయిడ్ మాత్రే చేసిపెడుతుంటే మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి వాటికి ఆదేశాలు తగ్గించేస్తుంది. అవి కుంచించుకుపోతాయి. తిరిగి కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. డోసు కొంచెం కొంచెంగా తగ్గించమనేది అందుకే.

ప్రెడ్నిసొలోన్‌కూ మన ఒంట్లోని కార్టిసాల్‌కూ అణువులో తేడా ఒకే ఒక్క ద్విబంధం (రెండు పరమాణువుల మధ్య జంట బంధం). అంతమాత్రానికే వాపు తగ్గించే బలం నాలుగు రెట్లవుతుంది. దానికి ఒక ఫ్లోరిన్, ఒక మిథైల్ కూడా తగిలిస్తే డెక్సామెథసోన్ అనే మరో స్టెరాయిడ్, దాని బలం కార్టిసాల్‌కు సుమారు పాతిక రెట్లు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే మందుల ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌తోనే వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు కనిపించలేదు. ఇంత బలమైన మందును చీటీ లేకుండా అమ్మేవాళ్లు మా వృత్తిలోనూ ఉన్నారు. దాని మీద వేరే ఉత్తరం రాయాలి.

ఇంగ్లండ్‌లో మా పెద్దమ్మలా స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రమాదమయ్యే రోగులకు 2020 నుంచి స్టెరాయిడ్ ఎమర్జెన్సీ కార్డు ఇస్తున్నారు. పర్సులో ఉంటే, స్పృహ తప్పినా డాక్టరుకు విషయం తెలుస్తుంది. మన దగ్గర చీటీ మీద 'టేపర్' (కొంచెం కొంచెంగా తగ్గించు) అని ఇంగ్లిషులో గిలికి వదిలేస్తే ఆ పెద్దమ్మకేం అర్థమవుతుంది? ఏ తేదీ నుంచి ఎన్ని మాత్రలో తెలుగులో రాసివ్వాలి. కార్డులో ఏముండాలో డాక్టర్ల సంఘం చెబితే అచ్చు ఖర్చు షాపులవాళ్లం పెట్టుకుంటాం. మీరూ ఇలాంటి వ్యాసం వేసినప్పుడల్లా 'డాక్టరును అడగకుండా ఆపవద్దు' అని పక్కనే పెద్దక్షరాలతో వేయండి.

– ఒక ఫార్మసిస్టు, జనగామ