ముగ్గు పోసిన రోజే మొదటి విడతలో సగం ఇప్పించండి: గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర గృహనిర్మాణ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. నేను ఆదిలాబాద్ జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా చెల్లెలికి ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. భార్యాభర్తలిద్దరూ రెండెకరాల్లో పత్తి వేసుకుని, మిగిలిన రోజుల్లో కూలికి వెళ్లి బతుకుతున్నవాళ్లు. ఇంటి లెక్కలు రాసిపెట్టే పని నాకు అప్పగించారు. ముగ్గు పోసిన రోజు నుంచి గృహప్రవేశం దాకా ప్రతి ట్రాక్టర్ కిరాయినీ, ప్రతి సిమెంటు బస్తానూ ఒక నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను. ఆ పుస్తకం చూస్తుంటే నాకు తట్టిన ఒక్క విషయం మీ ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా, ఈ పథకంలోని మంచిని మనస్ఫూర్తిగా చెప్పుకోవాలి. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఈ పథకంలో ఇల్లు ఆడమనిషి పేరు మీద మంజూరవుతుంది, డబ్బు నేరుగా ఆమె ఖాతాలో పడుతుంది, ఇల్లు ఎలా ఉండాలో ఆ కుటుంబమే నిర్ణయించుకుంటుంది. మధ్యలో గుత్తేదారు లేడు. తన ఇంటి వంటగది కిటికీ ఎటువైపు ఉండాలో మా చెల్లెలు తానే మేస్త్రీకి చెప్పి పెట్టించుకుంది. మా అమ్మ తరంలో ఇది ఊహకు కూడా అందని సంగతి.

ఇబ్బంది అంతా డబ్బు వచ్చే వరుసలో ఉంది. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల రూపాయలు నాలుగు విడతల్లో వస్తాయి. బేస్‌మెంటు పూర్తయి, ఫొటో తీసి, యాప్‌లో ఎక్కించాక మొదటి లక్ష వస్తుంది. అంటే ఇల్లు లేని కుటుంబం, చేతిలో ఏమీ లేదు కాబట్టే లబ్ధిదారుగా ఎంపికైన కుటుంబం, సొంత డబ్బుతో పునాది తవ్వించి, బేస్‌మెంటు కట్టి చూపిస్తేనే ప్రభుత్వ సాయం మొదలవుతుంది. మొదటి మెట్టు ఎక్కగలిగినవాళ్లకే మిగతా మెట్లు అందుతున్నాయి. మా ఊళ్లో మంజూరు పత్రం చేతికి వచ్చినా ముగ్గు దగ్గరే ఆగిపోయిన ఇళ్లున్నాయి. వాళ్లకు ఇల్లు వద్దని కాదు, మొదటి రాయికి డబ్బు లేదు.

మా నోటుపుస్తకంలోని మొదటి రెండు పేజీల లెక్క ఇక్కడ చెబుతాను. ఇల్లు 450 చదరపు అడుగులు, రెండు గదులు, వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి. నేల నల్లరేగడి. నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్లకు దాని సంగతి తెలుసు. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది. పైపైన పునాది వేస్తే మూడో ఏడు గోడ మీద వంకర గీత కనిపిస్తుంది. అందుకే మేస్త్రీ ఐదడుగుల లోతు తవ్వించి, పిల్లర్ల అడుగున కాంక్రీటు దిమ్మెలు (ఫుటింగులు) వేసి, గోడల కింద చుట్టూ కాంక్రీటు దూలం (ప్లింత్ బీము) కట్టాలన్నాడు. జేసీబీ ఎనిమిది గంటలకు 9,600, సిమెంటు 75 బస్తాలకు 24,750, ఇనుము ఏడు క్వింటాళ్లకు 42,000, కంకర నాలుగు ట్రిప్పులకు 16,000, మొరం ఇరవై ఐదు ట్రిప్పులకు 22,500, కూలి 36,000 అయింది. ఈ ఇళ్లకు ఇసుక ఉచితమే, కానీ దాన్ని తెచ్చిన ట్రాక్టర్ ఉచితం కాదు, దానికి 12,000 అయింది. మొత్తం 1,62,850 రూపాయలు. లక్ష రూపాయల విడత అందుకోవడానికి ముందుగా పెట్టవలసి వచ్చిన ఖర్చు ఇది. ఎర్రనేలలో, గట్టి మొరం తగిలేచోట ఇదే ఇంటికి ఇంత కాదు. నేల ఏదైనా విడత మాత్రం ఒకటే.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే, పత్తి అమ్మగా మిగిలినవి 40,000, మెడలోని గొలుసు కుదువపెట్టి తెచ్చినవి 55,000, షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి 60,000. మిగిలిన 7,850 మేస్త్రీకి బాకీ పెట్టారు, ఆయన మంచివాడు కాబట్టి ఆగాడు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం. బ్యాంకుకు వెళ్లలేదా అని మీరు అడగవచ్చు. వెళ్లాం. వాళ్లుంటున్న స్థలం తాతల నాటి గ్రామకంఠం, అంటే ఊరి నివాసాల కోసం ఉన్న భూమి. ఇంటిపన్ను రసీదులున్నాయి, కరెంటు బిల్లు ఉంది, రిజిస్టరు కాగితం లేదు. ఒక బ్యాంకులో మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టి, స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు దస్తావేజులు లేకుండా ఇంటి రుణం ఇవ్వలేమని చెప్పి పంపారు. ముప్పై లక్షల లోపు ఇంటి రుణాలకు ఇంటి విలువలో తొంభై శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన చెబుతుంది. గ్రామకంఠంలో ఉన్న మనిషికి ఆ తొంభై శాతం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

పల్లెలో డబ్బు వచ్చే కాలం వేరు, ఇల్లు కట్టే కాలం వేరు. పత్తి డబ్బు కార్తీకం తర్వాత వస్తుంది, సంక్రాంతి నాటికి అప్పులకు పోతుంది. పునాది పని వానలు పడకముందే, ఎండాకాలంలో జరగాలి, అందులోనూ నల్లరేగడిలో తవ్విన గుంతలో నీళ్లు నిలిస్తే అంచులు విరిగి పడతాయి. మావాళ్లు 2025 వైశాఖంలో ముగ్గు పోశారు. ఆషాఢం వస్తే ఎవరూ పని మొదలుపెట్టరు కనుక అంతకుముందే కానివ్వాలని తొందరపడ్డారు. సరిగ్గా అదే సమయంలో విత్తనాలకు, ఎరువులకు డబ్బు కావాలి. రైతు చేతిలో ఏడాది మొత్తంలో అతి తక్కువ డబ్బు ఉండేది ఆ రెండు నెలల్లోనే. మీ పథకం మొదటి ఖర్చు ఆ కుటుంబం మీద పడేది కూడా ఆ రెండు నెలల్లోనే.

బేస్‌మెంటు పూర్తయ్యాక ఫొటో ఎక్కడానికి, తర్వాత డబ్బులు పడడానికి కొన్ని వారాలు పట్టింది. దానికి నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. కానీ ఆ లక్ష చేతికి వచ్చాక అప్పు తీర్చాలా, ఇటుక కొనాలా అన్న ప్రశ్న వచ్చింది. అప్పు తీరిస్తే గోడలు లేవవు, గోడలు లేవకపోతే రెండో విడత రాదు. ఇటుకే కొన్నారు. ఇలా ప్రతి విడతా తర్వాతి దశ కోసం ఖర్చవుతూ పోయింది తప్ప మొదటి అప్పు తీరలేదు. పదకొండు నెలల తర్వాత తీర్చేనాటికి ఆ 60,000 మీద కట్టిన వడ్డీ ఒక్కటే 19,800 రూపాయలు. వెనక వాకిలికి టేకు దర్వాజా, తలుపు పెట్టుకుందామని పక్కన పెట్టిన డబ్బు అంతే. గృహప్రవేశం అయింది, ముందు గుమ్మానికి తోరణం కట్టాం, వెనక వాకిలికి ఇప్పటికీ తీగతో కట్టిన ఇనుపరేకు ఉంది.

ఈ ఏర్పాటులో డబ్బు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన సంగతి మరొకటి ఉంది. దశ పూర్తయితేనే విడత వస్తుందన్నప్పుడు, వడ్డీ పెరుగుతున్న మనిషి దశను ఎంత తొందరగా చూపిద్దామా అని చూస్తాడు. సిమెంటు పని గట్టిపడేలా నీళ్లు కట్టి తడిపే రోజులే అతనికి కోతపెట్టడానికి కనిపిస్తాయి. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటుకు పది రోజులు తడి ఆరకుండా చూడాలని కాంక్రీటు ప్రమాణాలు చెబుతున్నాయి. మన దగ్గర పల్లెల్లో వాడేది ఎక్కువగా రెండో రకమే. గోడలు లేచినప్పుడు మా చెల్లెలు పొద్దున, సాయంత్రం బోరింగు దగ్గర నుంచి బిందెలతో మోసి తడిపింది. స్లాబు వేసిన మర్నాడు మేస్త్రీ పైన మడులు కట్టించాడు, వాటిలో రెండు వారాలు నీళ్లు నిలిపారు. పక్క వీధిలో మరో ఇంటికి మాత్రం ఐదో రోజే సెంట్రింగు చెక్కలు ఊడదీశారు, ఫొటో తొందరగా పడాలన్న ఆత్రంతో. ఆ ఇంటి ఇల్లాలు చెడ్డ మనిషి కాదు, అజాగ్రత్త మనిషి కాదు. ఆమెకు నెలకు కట్టే వడ్డీ మా చెల్లెలి కంటే ఎక్కువ. ఆ స్లాబు కింద ఆమె పిల్లలు పడుకుంటారు.

అందుకే నేను మిమ్మల్ని కోరేది ఇది. ముగ్గు పోసి, ఆ ముగ్గు ఫొటో యాప్‌లో ఎక్కిన వెంటనే, మొదటి విడత లక్షలో సగం, అంటే 50,000 రూపాయలు, ఇల్లాలి ఖాతాలో వేయించండి. మిగిలిన సగం బేస్‌మెంటు పూర్తయ్యాక ఇవ్వండి. మొత్తం 5 లక్షలు పెరగనక్కరలేదు, సగం విడత కొన్ని వారాలు ముందుకు జరిగితే చాలు. రెండు నెలలు ముందుగా ఇచ్చిన 50,000 మీద ప్రభుత్వానికి ఏడాదికి ఎనిమిది శాతం వడ్డీ భారమనుకున్నా అది ఇంటికి 667 రూపాయలు. అదే డబ్బుకు, అదే రెండు నెలలకు, షావుకారు మా చెల్లెలి దగ్గర తీసుకునేది 3,000.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతాలకు ఇచ్చేది 1,20,000 రూపాయలే, ఇంటి కనీస కొలత 25 చదరపు మీటర్లే. ఆ మొత్తం చాలదని ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ అందులో మొదటి విడత మంజూరు ఉత్తర్వు వచ్చిన కొద్ది రోజుల్లోనే, పునాది తవ్వకముందే లబ్ధిదారు ఖాతాకు చేరాలన్నది నియమం. దానికంటే నాలుగు రెట్లు ఎక్కువ ఇస్తున్న మన రాష్ట్రం ఆ ఒక్క నియమాన్ని తీసుకోవడానికి వెనకాడవలసిన పని లేదు.

ముందుగా ఇస్తే ఖర్చుపెట్టుకుని ఇల్లు కట్టరేమోనన్న భయం అధికారులకు ఉంటుంది. ఆ భయం నిరాధారమని నేను అనను. కానీ దానికి జవాబు ప్రతి ఊళ్లోనూ ఉంది. మహిళా సంఘాలు పరస్పర పూచీ మీద అప్పులిచ్చి, వసూలు చేసి, పుస్తకాలు సరిగా ఉంచుకుంటున్నాయి. ఊళ్లోని ఆ సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య పూచీ పడిన ఇంటికి ముందు విడత ఇవ్వవచ్చు, గడువులో బేస్‌మెంటు లేవకపోతే సమాఖ్యే అడుగుతుంది. పంచాయతీ కార్యదర్శి కంటే ముందు పక్కింటావిడ అడుగుతుంది.

దీనితోపాటు, నల్లరేగడి నేలల్లో పునాది ఖర్చును మండలంలోని ఇంజనీరు చూసి ధ్రువీకరిస్తే, ఆ తేడా మేరకు తర్వాతి విడతల నుంచి కొంత ముందుకు తెచ్చుకునే వెసులుబాటు ఇవ్వండి. 2015లో డబుల్ బెడ్‌రూం ఇళ్లకు గ్రామాల్లో 560 చదరపు అడుగులకు ప్రభుత్వమే 5 లక్షల 4 వేల రూపాయల అంచనా వేసింది. పదేళ్ల తర్వాత అంతే డబ్బుతో 400 నుంచి 600 అడుగుల ఇల్లు కట్టుకోమంటున్నప్పుడు, డబ్బు ఎప్పుడు వస్తుందన్నది ఎంత వస్తుందన్నదానికి ఏమాత్రం తీసిపోదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మా స్లాబుకు ఆ మేలు అందింది. పునాది నాటికి అది కూడా లేదు.

ఇంకొక చిన్న మనవి. మా జిల్లాలో పత్తి తీశాక ధర కోసం ఇంట్లోనే పోసి ఉంచుతారు. మార్గశిరంలో ఏ ఇంటికి వెళ్లినా గది నిండా తెల్లగా పత్తి, వసారాలో మంచాలు కనిపిస్తాయి. మేడ కట్టే ఆశతో పైకి ఇనుప చువ్వలు వదలమని చుట్టుపక్కలవాళ్లు చెప్పినా మా చెల్లెలు వినలేదు. నేలమీద ఒక్క అంతస్తే చాలు, మెట్లకయ్యే డబ్బుతో వసారా వేసుకుంటానంది. ఆమె తెలివిగా ఆలోచించిందని నా అభిప్రాయం. రైతు ఇళ్లకు వసారాను 600 చదరపు అడుగుల పరిమితిలో కలపకూడదని స్పష్టమైన ఉత్తర్వు ఇప్పిస్తే, క్షేత్రస్థాయిలో కొలతలు తీసే సిబ్బందికీ, కట్టుకునేవారికీ తర్జనభర్జన తప్పుతుంది.

మా చెల్లెలి ఇల్లు అయిపోయింది, ఈ ఉత్తర్వు వచ్చినా ఆమెకు ఒక్క రూపాయి అందదు. తర్వాతి జాబితాలో పేరు వచ్చినవాళ్లు మళ్లీ వైశాఖంలోనే ముగ్గు పోస్తారు, అప్పటికే విత్తనాల కోసం వాళ్ల చేతులు ఖాళీ అయి ఉంటాయి. ఆ ముగ్గు పోసే రోజుకు ముందే ఉత్తర్వు వెలువడేలా చూడమని ప్రార్థిస్తున్నాను. మీ శాఖలో ఎవరైనా చూడాలనుకుంటే మా నోటుపుస్తకం, రసీదులతో సహా, పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక లబ్ధిదారు అక్క,
ఆదిలాబాద్ జిల్లా