డ్రిల్లింగ్ మెషీన్ జమా ఖర్చులు: ఊరివారికి వివరణ

చందాలు ఇచ్చిన అందరికీ నమస్కారం. ఊరి షెడ్డులో పెట్టిన పాత డ్రిల్లింగ్ మెషీన్ లెక్క ఇది. ఆమదాలవలస వెళ్లకుండా గేటు పట్టీకో, నాగలి సామానుకో ఇక్కడే బెజ్జం వేయించుకోవచ్చని దీన్ని తెచ్చాం.

వచ్చిన సొమ్ము: 62 ఇళ్ల నుంచి 300 చొప్పున 18,600 రూపాయలు. విశాఖ, హైదరాబాద్‌లలో ఉంటున్న మన ఊరివారు పంపింది 11,500. పేరు రాయవద్దన్న ఒక రైతు ఇచ్చింది 2,000. సంక్రాంతి పోటీల మిగులు 1,740. మొత్తం జమ 33,840.

మెషీన్ ధర 15,500. విశాఖ ఆటోనగర్‌లో మూతపడిన ఒక వర్క్‌షాపు నుంచి కొన్నాం. బెజ్జం వేసే బిట్‌ను బిగించే చక్‌ను పట్టుకుని అటూ ఇటూ ఊపితే కొంచెం కదిలింది. బేరింగులు అరిగాయని అప్పుడే తెలిసింది. ఆ వంకతోనే ధర తగ్గించుకున్నాం. లగేజీ ఆటోకు 3,000, ఎత్తి దించిన కూలి 600.

కొన్నాక దాని మీద ఇంకా ఇంత ఎందుకు పెట్టారని కొందరు అడుగుతున్నారు. సబబైన ప్రశ్నే. బేరింగులు, బెల్టు 940. మోటారు చుట్టించడానికి 1,850. కొత్త చక్ 1,150. స్విచ్, వైరు, ఎర్త్ కలిపి 1,620. నేలకు బిగించిన బోల్టులు, సిమెంటు 480. వీటిమీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా 2,400 పెట్టి కొన్న వైస్ (ఇనుమును దవడల మధ్య బిగించేది) మీద, 1,380 పెట్టి తెచ్చిన క్లాంపులు, టీ బోల్టుల (ఇనుమును మెషీన్ బల్లకు అదిమి బిగించేవి) మీదే. "చేత్తో పట్టుకుంటే పోయేదానికి ఇంత అవసరమా?" అన్నారు.

చేత్తో పట్టుకున్న ఫలితం కూడా ఈ లెక్కలోనే ఉంది: ఆసుపత్రిలో కట్టు, సూది, 350. వైస్ ఇంకా రాని మొదటి వారంలో మన కుర్రాడొకడు అడుగు పొడవు పట్టీని ఎడమ చేత్తో అదిమి పెట్టి 10 మిల్లీమీటర్ల బెజ్జం వేశాడు. బిట్ కిందికి దిగినంతసేపూ ఏ గొడవా లేదు. అడుగున పలచని పొర మిగిలినప్పుడు బిట్ అంచులు మరలాగా ఇనుమును కరిచాయి. పట్టీ పైకి లేచి బిట్‌తో పాటు గిర్రున తిరిగింది. అరచేయి చీరుకుంది. గ్లవుజు వేసుకుని ఉంటే చేయి మొత్తం చుట్టుకునేది. అందుకే ఈ మెషీన్ దగ్గర గ్లవుజులు, భుజం మీద కండువా, వేలాడే చేతులున్న చొక్కా నిషిద్ధం.

ఇప్పుడు పొడవాటి పట్టీని మెషీన్ స్తంభానికి ఎడమ వైపున ఆనించి బిగిస్తున్నాం. బిట్ తిప్పినా పట్టీ స్తంభానికే ఆగుతుంది, మనిషి వైపు రాదు. క్లాంపు వెనుక చివర కింద పెట్టే దిమ్మ పట్టీ మందమంత గానీ, ఒక వెంట్రుకవాసి ఎక్కువ గానీ ఉండాలి, తక్కువైతే జారుతుంది. బోల్టు దిమ్మకు కాక పట్టీకి దగ్గరగా ఉండాలి. ఎద్దును కొని పలుపుకు బేరమాడటం మా వల్ల కాలేదు.

బిట్లకు 1,260. వాటిలో ఒకటి మొదటి రోజే వేడెక్కి నీలం తిరిగింది, తప్పు మాదే. బెల్టు కప్పీలో వేగంగా తిప్పే మెట్టు మీదే ఉండిపోయింది. మెత్తని ఇనుములో 10 మిల్లీమీటర్ల బిట్‌కు నిమిషానికి 800 తిరుగుళ్లకు అటూ ఇటుగా చాలు. కళ్లద్దాలు రెండు, ఇనుప రజను తుడిచే బ్రష్ కలిపి 290. చక్‌ను బిగించే కీని గొలుసుతో గోడకు కట్టాం. చక్‌లో వదిలేసి స్విచ్ వేస్తే అది బాణంలా దూసుకొస్తుంది. గొలుసు ఒకరి ఇంట్లోది, ఖర్చు లేదు.

మొత్తం ఖర్చు 30,820. మిగులు 3,020 కోశాధికారి దగ్గర ఉంది. బిట్లు పదును పెట్టే రాయి కొనాలని మా ఆలోచన, మీరు సరేనంటేనే.

బిల్లులన్నీ ఆదివారం రామమందిరం అరుగు మీద పెడతాం. రసీదు పుస్తకంలో ఇళ్లవి 63 కనిపిస్తాయి. 41వది తప్పు రాసి కొట్టేసినది, దాని డబ్బు రాలేదు.