ఫోన్ ఎత్తవు కాబట్టి

చిన్నా,

నువ్వు ఫోన్ ఎత్తి పదకొండు రోజులైంది. దాని గురించి రాద్దామని కూర్చోలేదులే, ఊరికే ఇంటి కబుర్లు చెబుదామని. మీ నాన్న మళ్లీ కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికి, చివరికి దాని మీదే కూర్చున్నారు. పెద్దత్త మోకాలు పర్వాలేదు. చెవిలో చుక్కలు వేసుకుంటున్నావా? వేసుకున్నాక అయిదు నిమిషాలు పక్కకి తిరిగి పడుకోవాలి, గుర్తుందిగా.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. మీ కాలేజీ అసోసియేషన్ ఎన్నికల్లో నీకు సెక్రటరీ పదవి రాలేదట, నువ్వు అలిగి గ్రూపులోంచే బయటికొచ్చేశావట. నేనేం పట్టించుకోలేదు. ఆ తాళంచెవుల గొడవ దగ్గర్నుంచి పిన్ని మాటల సంగతి చూస్తూనే ఉన్నాంగా.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, కాలేజీలో నేనూ సెక్రటరీకే నిలబడి ఓడిపోయాను. కోశాధికారి పని ఎవరికీ అక్కర్లేక నాకు అంటగట్టారు. ఏడుపు మొహంతోనే తీసుకున్నాను. సెమినార్ అయ్యాక లెక్క తేలలేదు. మైకుసెట్టుకి కట్టిన డబ్బుకి రసీదు లేదు. "ఏదో ఒకటి రాసెయ్, ఎవరు చూస్తారు" అన్నాడు ప్రెసిడెంటు. నాకు మనసొప్పలేదు. మైకుసెట్టు అతని దగ్గరికి వెళ్తే మొదటిసారి మనిషి లేడు. రెండోసారి మనిషున్నాడు, రసీదు పుస్తకం లేదు. మూడోసారి ఎండలో గుమ్మం ముందే కూర్చున్నాను. విసుక్కుంటూ పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనకవైపు రాసి సంతకం పెట్టిచ్చాడు. దాన్ని గుండుసూదితో పద్దుల పుస్తకానికి గుచ్చాను.

మొదటి ఇంటర్వ్యూలో మార్కుల మీద రెండు ప్రశ్నలడిగి ఊరుకున్నారు. ఒకాయన మాత్రం "కోశాధికారా? లెక్క తేలకపోతే ఏం చేసేవారు?" అన్నాడు. క్యాలెండర్ కథ చెప్పాను. పావుగంట దాని మీదే నడిచింది. ఉద్యోగం దానివల్లే వచ్చిందనను. కానీ ఆ రోజు నోరు తడారిపోకుండా మాట్లాడింది ఆ పావుగంటే.

మీ నాన్నయితే నలభై దాటాక టోస్ట్‌మాస్టర్స్ అనే ఉపన్యాసాల క్లబ్బులో చేరి నలుగురిలో మాట్లాడటం నేర్చుకున్నారు. అక్కడ మాట్లాడటం మొదలెట్టిన అయిదో నిమిషానికి పచ్చ లైటు, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు. ఎర్ర లైటు వెలిగాక కూడా ఆపేవారు కాదనుకో. నీకు ఆ అవకాశం ఇప్పుడే ఉంది. ఐఈఈఈ, ఏసీఎం లాంటి ఇంజనీర్ల, కంప్యూటర్ వాళ్ల సంఘాలకు కాలేజీల్లో శాఖలున్నది కూడా అందుకే కదా, పనిలో ఉన్నవాళ్లు చదువుకునేవాళ్లకి తెలియాలని. ఉపన్యాసానికి రమ్మని ఓ ఇంజనీరుకి నువ్వు మెయిల్ రాస్తే, రేపు ఇంటర్న్‌షిప్ అడగడానికి నీకొక మనిషి ఉన్నట్టే. రెజ్యూమెలో ఉత్త "సభ్యుడు" అని రాస్తే ఎవరూ రెండోసారి చూడరు. ఏ పని నెత్తినేసుకున్నావు, ఏది చెడిపోతే ఎలా సర్దావు, అది రాయాలి. నాలుగు క్లబ్బుల్లో పేరుకి ఉండకు, ఒకదాన్లో పని పట్టుకో. అలాగని పరీక్షలు గాలికొదిలి పోస్టర్లు అంటిస్తూ తిరిగితే ఊరుకోను. ఇదిగో, మళ్లీ పాఠం మొదలెట్టేశాను.

నిజంగానే మానేశావా? తిట్టనులే. కొంచెం తిడతానేమో. కోశాధికారి పని ఎవరైనా తీసుకున్నారేమో కనుక్కో.

నీలం స్వెట్టర్ పంపుతున్నాను. జేబులో చెవి చుక్కల సీసా ఉంది, చూడకుండా ఉతికేస్తావేమో. అందగానే ఫోన్ చెయ్. అడగమన్నది మీ నాన్న, నేను కాదు.

అమ్మ