ఆ ఇరవై నిమిషాలు ఏ వారం, ఎన్ని గంటలకు?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ స్థలాల పేజీలో హైదరాబాద్ శివారులోని మా ఘట్‌కేసర్ గురించి రాశారు. 'ఉప్పల్‌కు ఇరవై నిమిషాలే' అని పెద్దక్షరాల్లో వేశారు. చూపించింది మా ఆవిడ, నవ్వుతూ. ఆ మాటకు 2017లోనే మేం డబ్బు కట్టాం మరి.

అప్పట్లో వెంచర్ వాళ్లు ఆదివారం పొద్దున ఆరున్నరకు కారు పంపారు. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర ఎక్కిన మమ్మల్ని సరిగ్గా ఇరవై రెండు నిమిషాల్లో సైటులో దింపారు. ప్లాట్లు తిప్పి చూపించి, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి పంపారు. వాళ్లు అబద్ధం ఆడారని నేననను. ఆ రోజు ఆదివారమని మాకూ తెలుసు, తట్టలేదంతే.

నేను రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాను. ఆ అలవాటుకొద్దీ బస్సు టైములు కూడా జేబు పుస్తకంలో ఎక్కిస్తుంటాను. మొన్న సోమవారం పద్దు ఇది: ఘట్‌కేసర్ 7:40. అన్నోజిగూడ 7:55. నారపల్లి 8:10. ఉప్పల్ 8:55. నారపల్లి నుంచి ఉప్పల్‌కు ముప్పావు గంట, అదీ 2018లో పనులు మొదలైన ఫ్లైఓవర్ పిల్లర్లను లెక్కపెట్టుకుంటూ. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే ప్యారడైజ్ దాకా హాయి, ఆపైన నడక.

బస్సులో సీటు దొరకడం వేరే విద్య. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేయాలి. నాది నీలం గళ్లది, కండక్టర్లు కూడా గుర్తుపడతారు. నారపల్లిలో ఎక్కే ఒకమ్మాయి రాడ్డుకు మోచెయ్యి ఆనించి, టిఫిన్ డబ్బాలో ఉప్మా తింటూ ఒక్క మెతుకు కింద పడనివ్వదు. అవతలి వైపు పోచారం ఇన్ఫోసిస్‌కు వెళ్లే కంపెనీ బస్సులు. వాళ్లు సిటీలో ఉండి మా ఊరికి పనికొస్తారు, మేం ఈ ఊళ్లో ఉండి సిటీకి పోతాం. దారిలో ఎదురుపడి ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

మీ పేజీలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ప్రస్తావన కూడా ఉంది. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి రైలు మొదలైన మాట నిజమే. అది మౌలాలి నుంచి సనత్‌నగర్ మీదుగా పోతుంది. నేను దిగాల్సిన సికింద్రాబాద్ దాని దారిలో లేదు.

ఊరిని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఇల్లు కట్టుకున్నాం, పెరట్లో మునగచెట్టు కాస్తోంది, ఇక్కడే ఉంటాం. నేనడిగేది చిన్నది. ఇకమీదట ఎవరైనా 'ఇన్ని నిమిషాలు' అని రాసిస్తే, పక్కనే ఏ వారం, ఎన్ని గంటలకు అన్నది కూడా అచ్చువేయండి. కుదిరితే మీ విలేకరిని ఒక సోమవారం 7:40 బస్సుకు పంపండి. ముందు చెబితే ఆయనకు కూడా ఒక కర్చీఫ్ వేసి ఉంచుతాను.

- ఒక పాఠకుడు, ఘట్‌కేసర్