‘నరం’ అంటే ఏదో నర్సింగ్ విద్యార్థికి తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

నర్సింగ్ కోర్సులో చేరిన పిల్లలకు మొదట ఎదురయ్యే పెద్ద సబ్జెక్టు అనాటమీ, ఫిజియాలజీ, అంటే శరీర నిర్మాణం, దాని పనితీరు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఆ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిని. మేము ఇంగ్లిషులో నేర్పే శరీరానికీ, రోగి తెలుగులో చెప్పుకునే శరీరానికీ మధ్య ఉన్న దూరం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

కొన్నేళ్ల కిందట మా విద్యార్థినులను వార్డు శిక్షణకు తీసుకెళ్లాను. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు సెలైన్ ఎక్కించడానికి సిస్టర్ ముంజేతిలో కాన్యులా (సిరలోకి దించే సన్నని గొట్టం) పెడుతుండగా ఆ చోట చర్మం కింద నేరేడుపండంత ఉబ్బు లేచింది. “నరం పోయింది బిడ్డా, ఇంకో చేతికి పెట్టు” అన్నది ఆవిడ. పక్కనే ఉన్న మొదటి ఏడాది అమ్మాయి ఆ మాట విని నోట్సులో ‘నెర్వ్ ఇంజ్యురీ’ (నాడికి దెబ్బ) అని రాసింది. రౌండ్లకు వచ్చిన డాక్టరు ఆందోళనపడి ఆవిడ చేత వేళ్లు కదిలింపజేసి, స్పర్శ తెలుస్తున్నదో లేదో పరీక్షించారు. తీరా చూస్తే సిర గోడకు చిల్లుపడి, కాస్త రక్తం బయటికి చేరింది, అంతే. సెఫాలిక్, బెసిలిక్, మీడియన్ క్యూబిటల్ అంటూ చేతిలోని సిరల పేర్లన్నీ ఆ అమ్మాయికి కంఠతా వచ్చు. రక్తాన్ని గుండెకు చేర్చే సిరకూ, మెదడుకూ అవయవాలకూ మధ్య సంకేతాలు మోసే నాడికీ, కండను ఎముకకు కట్టి ఉంచే బంధనానికీ మన జనం ‘నరం’ అనే ఒక్క మాటే వాడతారని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినదాన్ని నేనే. ఉర్దూ మాట్లాడే రోగి ‘నస్’ అన్నా ఇదే చిక్కు వస్తుంది.

పిరుదును మనసులో నాలుగు భాగాలు చేసుకుని పైన బయటివైపున్న భాగంలోనే ఇంజెక్షన్ చేయాలని పిల్లలు అప్పజెబుతారు. ఎందుకని అడిగితే చాలామంది మౌనంగా ఉండిపోతారు. శరీరంలోకెల్లా లావైన సయాటిక్ నాడి పిరుదు కిందిభాగం గుండా తొడలోకి దిగుతుంది. సూది దానికి తగిలితే మనిషి పాదం పైకెత్తలేక ఈడ్చుకుంటూ నడిచే ప్రమాదం ఉంది. రేపు ఆ రోగి ‘సూది వేసినప్పటి నుంచి నరం లాగుతున్నది’ అని చెప్పినప్పుడు, ఇది సిర మాట కాదు, నాడి మాట అని నర్సుకు తట్టాలి. ‘నరం’ అన్న ప్రతిసారీ ఏ నరమో అడిగి తెలుసుకునే అలవాటు తొలి ఏడాదిలోనే పడాలి.

‘గుండెల్లో మంట’ ఇంతకంటే ప్రమాదకరమైన మాట. చాలాసార్లు అది అన్నవాహికలోకి ఎగదన్నిన ఆమ్లమే. అయితే గుండె డయాఫ్రమ్ అనే కండర పొర మీద ఆనుకుని ఉంటుంది, దానికి కిందే జీర్ణాశయం ఉంది. పైగా గుండె నుంచి నొప్పిని తెచ్చే నాడులు వెన్నుపాములో చేరే చోటికే ఛాతీ నుంచి, ఎడమచేతి లోపలి వైపు నుంచి వచ్చే నాడులు కూడా చేరతాయి కాబట్టి, నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు పోల్చుకోలేక పొరపడుతుంది. గుండెపోటు వచ్చిన మనిషి, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు, ‘మంట’, ‘గ్యాస్’, ‘జబ్బ లాగుతున్నది’ అని మాత్రమే చెప్పవచ్చు. ఈ సంగతి తెలిసిన నర్సు గ్యాస్ మాత్ర చేతిలో పెట్టి ఊరుకోదు, వెంటనే ఈసీజీ తీయించి డాక్టరును పిలుస్తుంది.

‘కడుపు’ సంగతి సరేసరి. జీర్ణాశయం, పేగులు, గర్భం అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమని అడగడం, పిల్లలు పుట్టే వయసు స్త్రీ అయితే నెల తప్పిందేమో మర్యాదగా కనుక్కోవడం అనాటమీ పాఠంలో భాగంగానే నేర్పాలి.

ఇక ‘దమ్ము’. ఆరోగ్యవంతుడైన వయోజనుడు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాస తీసుకుంటాడు. వార్డు చార్టుల్లో లెక్కపెట్టకుండానే వరుసగా అందరికీ 20 అని రాసి ఉండటం నేను ఎన్నోసార్లు చూసి బాధపడ్డాను. రక్తంలో ఆమ్లం పెరిగినా, ఇన్ఫెక్షన్ ఒంటికంతా పాకుతున్నా, బీపీ పడిపోకముందే శ్వాస వేగం పెరగవచ్చు. ‘దమ్ము వస్తున్నది సిస్టర్’ అని రోగి అన్నప్పుడు గడియారం చూస్తూ నిండు నిమిషం పాటు ఛాతీ కదలికను లెక్కపెట్టడం కంటే ముఖ్యమైన పని ఆ క్షణంలో మరొకటి ఉండదు.

ఇంగ్లిషు వద్దని నేను అనడం లేదు. మందుల పేర్లూ, కేస్ షీట్లూ, పైచదువులూ అన్నీ ఆ భాషలోనే ఉన్నాయి. కానీ 1846లో ఈ నగరంలో మొదలైన వైద్య పాఠశాలలో పాఠాలు ఉర్దూలోనే చెప్పారు. ఇక్కడి జనం మాటల్లో శరీరశాస్త్రం చెప్పడం హైదరాబాద్‌కు కొత్త కాదు.

నర్సింగ్ కళాశాలల యాజమాన్యాలకూ, పాఠ్యప్రణాళిక చూసే అధికారులకూ నా విన్నపం ఇది. ప్రతి అవయవం పాఠం ముగిశాక విద్యార్థులను వార్డుకు పంపి, దాని గురించి రోగులు ఏ మాటలు వాడుతున్నారో రాసుకురమ్మనండి. వైవా పరీక్షలో ఒక్క ప్రశ్నైనా రోగి మాటల్లో అడగండి. ‘కాళ్లకు నీరు వచ్చింది’ అంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం ఈ మూడింటిలో దేన్ని అనుమానించాలో, ఎందుకో విద్యార్థిని చెప్పగలగాలి. డొక్క, పొత్తికడుపు, పిక్క, తిమ్మిర్లు, గుండెదడ, కాళ్లు గుంజడం ఇలా రోగుల నోట విన్న మాటలను నేను ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను. ఏ కళాశాల వారు అడిగినా దాని నకలు సంతోషంగా ఇస్తాను.

– విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు, హైదరాబాద్