స్కోరుతో పాటు యంత్రం వివరం కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు చెస్ నేర్పుతున్నాను. మొన్న ఆదివారం మీ అనుబంధంలో 'నాలుగు గంటలు నేర్చుకున్న ఆల్ఫాజీరో చేతిలో స్టాక్‌ఫిష్ చిత్తు' అని రాశారు. రెండూ చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లే, ఆల్ఫాజీరో గూగుల్ వాళ్లది. స్కోరు నిజమే. 2017 డిసెంబరులో వెల్లడించిన 100 గేముల్లో ఆల్ఫాజీరోకు 28 గెలుపులు, 72 డ్రాలు, ఒక్క ఓటమీ లేదు. కానీ ఏ యంత్రాల మీద ఆడించారో వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

ఆల్ఫాజీరోకు గూగుల్ సొంతంగా తయారుచేసుకున్న టీపీయూ చిప్‌లు నాలుగు ఇచ్చారు. స్టాక్‌ఫిష్‌కు 64 థ్రెడ్లు (ప్రాసెసర్‌లో ఒకేసారి నడిచే లెక్కల వరసలు) ఇచ్చారు, అదేం తక్కువ కాదు. హ్యాష్ మెమరీ మాత్రం 1 జీబీయే. హ్యాష్ అంటే ప్రోగ్రామ్ అప్పటికే లెక్కగట్టిన పొజిషన్లను దాచుకునే చోటు. నిండిపోతే పాతవి చెరిపేస్తుంది, అవే మళ్లీ ఎదురైతే మొదటి నుంచి లెక్కగట్టాలి. సెకనుకు ఏడు కోట్ల పొజిషన్లు చూసేదానికి 1 జీబీ ఏ మూలకు? పైగా ఎత్తుకు ఒక్క నిమిషమే. చిక్కు పొజిషన్ వస్తే ఇంకాస్త ఆలోచించే వీల్లేదు.

నా పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్. ఈమధ్య మా స్టూడెంట్ ఒకడి ఏనుగుల ఎండ్‌గేమ్‌ను అందులో పెడితే రెండు నిమిషాల తర్వాత కూడా డ్రా అనే చూపించింది. వాళ్లన్నయ్య గేమింగ్ కంప్యూటర్‌లో అదే స్టాక్‌ఫిష్, అదే వెర్షన్, అర నిమిషంలో గెలిచే ఎత్తు చెప్పేసింది. 'సార్, మరి ఏది కరెక్టు?' అని వాడు అడిగాడు.

ఆల్ఫాజీరో గొప్పదనాన్ని నేను కాదనను. 2018 డిసెంబరులో దాన్ని తయారుచేసినవాళ్లే వేసిన పరిశోధన పత్రం ప్రకారం స్టాక్‌ఫిష్‌కు 44 కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కగట్టే భాగాలు), 32 జీబీ హ్యాష్ ఇచ్చి, మామూలు టైం కంట్రోల్‌తో, అంటే గేమ్ మొత్తానికి ఇంత టైం అని ఇచ్చి ఆడించారు. వెయ్యి గేముల్లో ఆల్ఫాజీరో 155 గెలిచి, 6 మాత్రమే ఓడింది. మొదటిసారే ఇలా ఆడించి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు.

కంప్యూటర్ చెస్‌లో ఈ తగువు పాతదే. 2008లో బీజింగ్‌లో జరిగిన కంప్యూటర్ చెస్ ప్రపంచ పోటీలో రిబ్కా అనే ప్రోగ్రామ్ 40 కోర్ల క్లస్టర్‌తో (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపుతో) వచ్చి మొదటి స్థానంలో నిలిచింది. (ఆ టైటిల్‌ను తర్వాత వేరే కారణంతో రద్దు చేశారు.) మరుసటి ఏడాది పాంప్లోనాలో 8 కోర్లు మించకూడదన్నారు. 2010లో కనజావాలో ఆ పరిమితి ఎత్తేసి, అందరూ ఒకేరకం యంత్రాల మీద ఆడే సాఫ్ట్‌వేర్ పోటీని విడిగా పెట్టారు. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది. పెద్ద యంత్రం తెచ్చుకునేవాళ్లకు ఒక పోటీ, ప్రోగ్రామ్ రాసినవాళ్ల తెలివిని తేల్చడానికి ఇంకొకటి.

ఇకమీదట ఇలాంటి వార్త వేసేటప్పుడు స్కోరు కిందే ఏ చిప్, ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎత్తుకు ఎంత టైం అన్నవి కూడా రాయండి. ఒక్క లైను చాలు.

– ఒక చెస్ కోచ్, తెనాలి